బృందం

పాత గ్రామఫోన్ రికార్డుల లేబుళ్ల మీద 'పి. సుశీల, బృందం' అని ఉండేది. 'ఘంటసాల, బృందం' అని ఉండేది. పాటల పుస్తకాల్లోనూ అంతే. ఆ కామా తర్వాత ఉన్నవాళ్లు ఎంతమంది, ఎవరెవరు? నాయిక చెలికత్తెలతో పూలు కోసే పాటలో, నాట్లేసే పాటలో, పెళ్లికూతుర్ని చేసే పాటలో మనల్ని ఊపేది చాలాసార్లు ఆ బృందమే. పల్లవిని అందుకునే ఆ ఆడగొంతులు లేకపోతే ఎన్నో పాటలు సగమైపోతాయి. చిన్నప్పటినుంచీ అవి మన చెవుల్లో ఉన్నాయి. పేర్లు మాత్రం లేవు.

సాహిత్య విమర్శలో మనం 'గొంతు' అన్న మాటను చాలా ధారాళంగా వాడతాం. స్త్రీ గొంతు, దళిత స్త్రీ గొంతు, వినిపించని గొంతు. అనంతపురం జిల్లా స్త్రీల శ్రామిక గేయాల మీద నేను రాసిన సిద్ధాంత గ్రంథంలో ఆ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టలేదు. ఈ రెండేళ్లుగా మాత్రం గొంతు నాకు ఉపమానం కాకుండా పోయింది. హార్డ్ డిస్కులో ఇన్ని మెగాబైట్లుగా, కీబోర్డు మీద ఫలానా మెట్టుగా, ముక్కూమొహం తెలియని ఎవరైనా వేలితో నొక్కగలిగే వస్తువుగా నా ముందుకొచ్చి కూర్చుంది.

మాది రాప్తాడు. అనంతపురం నుంచి బెంగళూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద ఊరు. మా అక్క కూతురు బి.టెక్. చదివి, బెంగళూరులో ఏడాది ఉద్యోగం చేసి, మానేసి ఇంటికొచ్చింది. మిద్దె మీది రేకుల గదిలో కూర్చుని షార్ట్ ఫిల్ములకు, యూట్యూబులో కథలు చదివేవాళ్లకు నేపథ్య సంగీతం చేసి పంపిస్తుంది. ఆమె దగ్గరున్నవి ఒక లాప్‌టాప్, 49 మెట్ల కీబోర్డు, ఒక హెడ్‌ఫోను. వాద్యకారులు ఒక్కరూ లేరు. ఆమె పంపే సంగీతంలో మాత్రం అరవై మంది వాయిస్తుంటారు.

ఎండాకాలం పగలు ఆ రేకుల కింద మనిషి కూర్చోలేడు, లాప్‌టాపు అసలే కూర్చోలేదు. అందుకని పనంతా రాత్రిపూటే. రాత్రి రెండు గంటలప్పుడు ఆడపిల్ల గదిలో దీపం వెలుగుతుంటే ఊరు ఏమనుకోవాలో అదే అనుకుంది. తెలుగు సినిమాకు పాడిన ఆడవాళ్లను లెక్కపెట్టడానికి రోజు పడుతుంది. పాట కట్టినవాళ్లకైతే ఒక చేతి వేళ్లు సరిపోయేట్టున్నాయి. 1954లో 'చక్రపాణి'కి భానుమతి, 1968లో సావిత్రి తీసిన 'చిన్నారి పాపలు'కు పి. లీల, 1990ల నుంచి ఎం.ఎం. శ్రీలేఖ. ఇంకెవరని అడిగితే మనందరం కాసేపు ఆలోచించాల్సి వస్తుంది. మా పిల్ల ఆ లెక్కలోకి రావాలని కూడా అనుకోవడం లేదు. పని దొరికితే చాలంటుంది.

ఇంతకీ లాప్‌టాపులోకి వయొలిన్ల గుంపు ఎట్లా వస్తుంది? నేను ఆమె పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుని నేర్చుకున్నది చెప్తాను. ఒక హాల్లోకి పద్నాలుగు మందినో పదహారు మందినో వయొలిన్ వాళ్లను పిలిచి, వాద్యం పలికే ప్రతి స్వరాన్నీ విడివిడిగా వాయించమని రికార్డు చేస్తారు. ఒకే స్వరాన్ని మెల్లగా ఒకసారి, మధ్యమంగా ఒకసారి, గట్టిగా ఒకసారి. కమాను పొడుగ్గా లాగి, పొట్టిగా కోసి, తీగ మీద ఎగిరించి, వేలితో మీటి. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారేటప్పుడు వచ్చే ఆ క్షణాన్ని కూడా వేరుగా పట్టుకుంటారు. పొట్టి స్వరాలనైతే ఒక్కోదాన్ని నాలుగైదుసార్లు వాయిస్తారు. ఎందుకంటే అదే రికార్డింగు వెంటవెంటనే మోగితే చెవి వెంటనే కనిపెడుతుంది, మెషిన్‌గన్ పేల్చినట్టుంటుంది. వీటినే శాంపిల్స్ అంటారు. వియన్నా సింఫనిక్ లైబ్రరీ లాంటి సంస్థలు 2000ల మొదట్లో ఇట్లా మొత్తం ఆర్కెస్ట్రాను ముక్కలు ముక్కలుగా కోసి అమ్మకానికి పెట్టాయి. మా పిల్ల మొదలుపెట్టింది లండన్ సంస్థ ఒకటి బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రాతో చేసిన లైబ్రరీలో, ఉచితంగా దొరికే చిన్న భాగంతో.

ఇన్ని ముక్కలున్నా సరాసరి వాయిస్తే ప్రాణం ఉండదు. అక్కడే పొరలు పేర్చడం మొదలవుతుంది. పొడుగు కమాను పొర కింద పెట్టి, దాని మీద పొట్టి కమాను పొర సన్నగా వేస్తుంది, స్వరం మొదట్లో ఆ గీరుడు వినపడటానికి. వాటి మీద ఒకే ఒక్క వయొలిన్‌ను, వినీ వినపడనట్టు, కలుపుతుంది. గుంపులో ముందు వరసలో కూర్చున్న మనిషి అన్నమాట. ఆ ఒక్క గొంతు లేకపోతే గుంపు పొగమంచులాగా ఉంటుంది. కుడిచేత్తో స్వరాలు నొక్కుతూ ఎడమచేత్తో కీబోర్డు పక్కనున్న చిన్న చక్రాన్ని తిప్పుతూనే ఉంటుంది. అది మెల్లగా వాయించిన పొర నుంచి గట్టిగా వాయించిన పొరలోకి మనల్ని తీసుకుపోతుంది. జారుడు స్వరాలు పలకడానికి కొంచెం ఆలస్యం చేస్తాయి కాబట్టి వాటిని తాళం కంటే ముందుకు జరపాలి. పిల్లనగ్రోవి అయితే ఊపిరి తీసుకోవడానికి సందు వదలాలి, కంప్యూటరుకు ఊపిరి అక్కర్లేదని మరిచిపోతే వినేవాళ్లకు ఎక్కడో ఉక్కిరిబిక్కిరిగా ఉంటుంది. పద్నాలుగు మంది పొరతో ఒకేసారి మూడు స్వరాలు నొక్కితే నలభై రెండు మంది అవుతారు, అందుకని గుంపును పాయలుగా చీల్చుకోవాలి.

ఇందులో నా బుర్రలో పాతుకుపోయినది ఒకటుంది. గుంపు చిన్నగా ఉందనిపించి ఒక రాత్రి నేనే అన్నాను, "అదే పొరను ఇంకోసారి పెట్టరాదూ?" అని. ఆమె పెట్టి వినిపించింది. శబ్దం పెద్దదయింది, అంతే. మనుషులు పెరగలేదు. రెండో దాన్ని వెంట్రుకవాసి వెనక్కి జరిపింది. గొట్టంలోంచి వస్తున్నట్టు బోలుగా అయిపోయింది. ఒకే రికార్డింగును ఎన్నిసార్లు పేర్చినా రెండో మనిషి పుట్టదు. రెండో మనిషి కావాలంటే నిజంగా వేరే మనిషిని తేవాలి, లేదంటే పక్క స్వరం కోసం తీసిన రికార్డింగును శ్రుతి తగ్గించి ఈ స్వరంగా వాడుకోవాలి. పదహారు మంది కలిసి వాయిస్తే వచ్చే ఆ నిండుదనం వాళ్లు ఒక్కటిగా ఉండటం వల్ల రాదు. ఒకరికొకరు రవ్వంత తేడాగా ఉండటం వల్ల వస్తుంది. ఒకరి శ్రుతి పిసరు పైన, ఒకరి కమాను పిసరు వెనక.

'మనం' అన్న మాటతో మన ఉద్యమానికున్న తగువు గుర్తొచ్చింది నాకు. 1993లో 'నీలిమేఘాలు' వచ్చినప్పుడు నేను చిన్నపిల్లను. చదివింది యూనివర్సిటీలో. ఆ తర్వాత ఏడాదే 'నల్లపొద్దు' చదివాను, అది 2003లో అచ్చయింది. ఒకరి గొంతునే పేర్చుకుంటూ పోతే శబ్దం పెద్దదవుతుంది గానీ బృందం కాదని దళిత స్త్రీలు మనకు ఎప్పుడో చెప్పారు. ఇదే సంగతి ఫిజిక్సులో కూడా ఉందని ఆ రేకుల గదిలో తెలిసింది.

ముక్కలు చేసి మెట్ల కింద దాచే ఈ విద్య కంప్యూటరుతో పుట్టలేదు. 1963లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో మెలోట్రాన్ అనే వాద్యం తయారయింది. ప్రతి మెట్టు కింద ఒక టేపు ముక్క, దాని మీద వయొలిన్లో పిల్లనగ్రోవులో. మెట్టు ఎనిమిది సెకన్లు పలుకుతుంది, తర్వాత టేపు అయిపోతుంది. 1979లో సిడ్నీలో ఫెయిర్‌లైట్ వచ్చింది. దాంట్లో స్ట్రావిన్‌స్కీ 'ఫైర్‌బర్డ్' నుంచి కోసిన ఒకే ఒక్క ఆర్కెస్ట్రా దెబ్బ 1980ల పాటల్లో లెక్కలేనన్నిసార్లు మోగింది. ఆ రోజు ఆ దెబ్బను వాయించినవాళ్లెవరో ఆ పాటలకు నాట్యం చేసినవాళ్లకు తెలిసే అవకాశమే లేదు. మన దక్షిణాదిలో 1992లో 'రోజా' వచ్చాక కీబోర్డు, కంప్యూటరు పాటకు మధ్యలోకి వచ్చాయి. ఆ తర్వాతి ఏళ్లలో పదుల మంది వాద్యకారులు ఒకేచోట కూర్చుని వాయించే మద్రాసు రికార్డింగులు తగ్గుతూ పోయాయి. ఆ సంగీతం నాకిష్టం. ఆ మార్పులో కూలి పోయినవాళ్ల గురించి తెలుగులో ఒక్క మంచి పుస్తకం చదవాలని కూడా ఉంది.

వియన్నా ఫిల్హార్మోనిక్ ఆడవాళ్లను సభ్యులుగా తీసుకోవడం 1997 దాకా జరగలేదు. ఆనా లెల్కెస్ అనే హార్ప్ కళాకారిణి అంతకుముందే ఇరవై ఏళ్లకు పైగా ఆ ఆర్కెస్ట్రాలో వాయిస్తున్నా సభ్యురాలు కాదు. హార్ప్ మోగుతూనే ఉంది, మనిషి మాత్రం లేదు. అమెరికా ఆర్కెస్ట్రాలు 1970, 80లలో అభ్యర్థికీ న్యాయనిర్ణేతలకూ మధ్య తెర కట్టడం మొదలుపెట్టాయి. ఆ తెర వల్లే ఆడవాళ్లు ఎక్కువగా ఎంపికయ్యారని క్లాడియా గోల్డిన్, సిసీలియా రౌజ్ 2000లో ఒక వ్యాసం రాశారు. అందులోని లెక్కలు అంత గట్టివి కావని తర్వాత కొందరు వాదించారు. మన దగ్గర తెర లేదు. పక్కవాద్యానికి ఆడమనిషి వద్దనే మగ గాయకులు మాత్రం ఉండేవారు. విజయనగరం అమ్మాయి అవసరాల కన్యాకుమారికి 2016లో సంగీత కళానిధి వచ్చింది, వయొలిన్‌కు ఆ గౌరవం అందుకున్న మొదటి ఆడమనిషి ఆమె. అక్కడ పేరు దాస్తే న్యాయం దొరుకుతుందని తెర కట్టారు, ఉద్యోగం వచ్చాక తెర తీశారు. శాంపిల్ లైబ్రరీలో తెర ఎప్పటికీ తీయరు.

ఇక అసలు సంగతికొస్తాను. ఒకరోజు ఆ పిల్ల అడిగింది. "చిన్నమ్మా, నీకాడ అవ్వావాళ్లు పాడిన రికార్డింగులు ఉండాయి కదా. అవి ఇస్తావా?"

ఎందుకని అడిగాను. ఆడగొంతుల బృందం కావాలంటే ఆమెకు దొరికేవన్నీ చర్చి గొంతులు, లాటిన్ అచ్చులు. బల్గేరియా పల్లెల పద్ధతిలో పాడే ఆడవాళ్ల లైబ్రరీ ఒకటుంది, అది అనంతపురం కథకు పెడితే బల్గేరియానే వినపడుతుంది. మన ఆడవాళ్ల గొంతులను ముక్కలు చేసి మెట్ల మీద పరుచుకోవాలని ఆమె ఆలోచన.

ఆ రికార్డింగు 2014 ఎండాకాలం చివర చేసింది. చెనిక్కాయ విత్తనం ఒలుస్తున్న రోజులు. తొమ్మిది మంది ఆడవాళ్లు, ఒక కాపుల ఇంటి వాకిలి. ఇప్పుడు ఒలిచే మిషన్లు వచ్చాయి, పాటా పోయింది, కూలీ పోయింది. ఆ తొమ్మిది మందిలో పెద్దది మా అవ్వ, మా అమ్మకు అమ్మ. 2019లో పోయింది. ఇంకో ఇద్దరు కూడా పోయారు. పాటంతా వెనకాల కాయలు చిట్లే చప్పుడు ఉంటుంది. మా పిల్ల దాన్ని సాఫ్ట్‌వేరుతో తీసేసి చూపించింది. గొంతులు శుభ్రంగా వచ్చాయి, కానీ ఆ శుభ్రతలో వాళ్లు ఏ పనీ లేనివాళ్లలాగా ఉన్నారు. నేను ఒప్పుకోలేదు. దానికి తనూ తొందరగానే సరేనంది, ఎందుకంటే చప్పుడుతో పాటు హల్లులు కూడా అరిగిపోయాయి.

పనికొచ్చే ముక్కలు ఆ రికార్డింగులో చాలా తక్కువని విన్నాక తేలింది. తొమ్మిది మంది ఒకేసారి పాడుతుంటే ఎవరి గొంతునూ విడదీయలేం. ఒక్కచోట తప్ప. మా అవ్వకు ఊపిరి తక్కువ. ప్రతి చరణం అందరికంటే అర తాళం ఆలస్యంగా అందుకునేది, అందరూ నిలిపాక ఇంకో రెండు సెకన్లు ఆమె గొంతు ఒక్కటే సాగేది. ప్రతి చరణం చివరా అదే. "అది చాలా క్లీన్‌గా ఉంది చిన్నమ్మా. ఎన్ని స్వరాలు కావాలంటే అన్ని చేయొచ్చు" అంది. గదిలో కాసేపు ఎవరం మాట్లాడలేదు. ఆ పిల్లకు అది ముత్తవ్వ గొంతు. చూసిన మనిషే, ఒళ్లో పెరిగిన మనిషే.

జానపద పరిశోధనలో మేము పాడినవాళ్లను 'ఆవేదకులు' అంటాం. అనుబంధంలో పట్టిక ఉంటుంది. పేరు, వయసు, కులం, ఊరు, రికార్డు చేసిన తేదీ. నా గ్రంథంలోనూ తొమ్మిది పేర్లున్నాయి. గ్రంథం లైబ్రరీలో భద్రంగా ఉంది, పేర్లకు ఏ ప్రమాదమూ లేదు. గొంతుకు పేరు వదిలేసి తిరిగే అలవాటుంది, చిక్కంతా దానితోనే. అఫునాక్వా కథ నాకు అందుకే భయం. సాలొమన్ దీవుల్లో, మలైటా దీవి మీద బైగు తెగ స్త్రీ ఆమె. హ్యూగో జెంప్ అనే పరిశోధకుడు 1970 ప్రాంతంలో ఆమె జోలపాట రికార్డు చేశాడు. యునెస్కో సంకలనంలో వచ్చింది. 1992లో డీప్ ఫారెస్ట్ అనే ఫ్రెంచి జంట దాన్ని శాంపిల్ చేసి 'స్వీట్ లలబై' అని పాట కట్టింది, లోకమంతా మోగింది. 1996లో నార్వే శాక్సఫోను వాద్యకారుడు యాన్ గార్బారెక్ అదే బాణీని 'పిగ్మీ లలబై' అన్న పేరుతో వాయించాడు. పసిఫిక్ దీవి తల్లి పాట ఆఫ్రికా అడవి పాట అయిపోయింది. ఈ కథనంతా స్టీవెన్ ఫెల్డ్ 2000లో రాశాడు. ఆ వ్యాసం నేను ఎం.ఫిల్.లో చదివాను. ఎంతసేపూ పాడిన స్త్రీ గురించే ఆలోచించేదాన్ని. ఇప్పుడు టేపు చేతిలో ఉన్న పరిశోధకుడి గురించి ఆలోచిస్తున్నాను.

చట్టం లేదనుకోవద్దు. 1957 కాపీరైట్ చట్టానికి 1994లో చేసిన సవరణ ప్రదర్శనకారులకు హక్కు ఇచ్చింది. 2012 సవరణ తన పేరు చెప్పమని అడిగే హక్కు, తన ప్రదర్శనను వికృతం చేస్తే అడ్డుకునే హక్కు కూడా చేర్చింది. చట్టం దృష్టిలో వాకిట్లో కాయలు ఒలుస్తూ పాడిన కూలిమనిషి కూడా ప్రదర్శనకారిణే. కానీ చట్టం ఎవరికి పలుకుతుందో మనకు తెలుసు. 2023లో వచ్చిన 'కీడా కోలా' సినిమాలో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గొంతును కృత్రిమ మేధతో పుట్టించారని, తమను అడగలేదని ఆయన కుమారుడు చరణ్ 2024లో లీగల్ నోటీసు పంపాడు. అదే ఏడాది 'లాల్ సలామ్' కోసం ఎ.ఆర్. రహమాన్ ఇద్దరు చనిపోయిన గాయకుల గొంతులను వాడుతూ, వాళ్ల కుటుంబాల అనుమతి తీసుకున్నామని, డబ్బు ఇచ్చామని ప్రకటించాడు. నోటీసు పంపగలిగిన కుటుంబం, ప్రకటన ఇవ్వగలిగిన స్వరకర్త. మా అవ్వ తరఫున నోటీసు పంపాల్సింది మేమే, పంపించుకోవాల్సిందీ మేమే.

కాబట్టి బతికి ఉన్న ఆరుగురి దగ్గరికి పోయి అడిగాం. కొత్తగా రికార్డు చేద్దామని, ఎందుకో, ఎట్లా వాడతామో చెప్పాం. లాప్‌టాపులో చర్చి గొంతులు వినిపించి, "ఇట్ల మీ గొంతులు" అని చూపించాం. ఒకామె చాలాసేపు విని, "అంటే మేము సచ్చిపోయినాక గూడా మాతో పాడిపిస్తారా?" అంది. అవునని చెప్పాం. వేరే జవాబు లేదు. ఆమె రానంది. మిగిలిన ఐదుగురు వచ్చారు. రాత్రి పూటకు ఐదు వందలు అనుకున్నాం, పగటి కూలి పోకుండా.

ఈ లైబ్రరీల పద్ధతి ప్రకారం ఒక్కొక్కరినీ మైకు ముందు నిలబెట్టి, ఒక్కో స్వరానికి 'ఆ' అని పట్టమనాలి. మొదటి రాత్రే అది కూలిపోయింది. "పాట లేకుండా ఊరికే 'ఆ' అంటే యాడ్నుంచి వస్తాది పాపా?" నిజంగానే రాలేదు. వచ్చింది డాక్టరు నాలుక చూపించమంటే వచ్చే 'ఆ'. పాటలో పడ్డాక అదే గొంతు లోపల్నుంచి తన్నుకొచ్చింది. సరే, పాట పాడించి చరణం చివరి స్వరాన్ని పట్టించడం మొదలుపెట్టాం. ఇంకో చిక్కు, ఒక్కతే అంటే పాడలేనని ఇద్దరు కూర్చుండిపోయారు. "పక్కన ఇంగోమనిషి లేకుంటే ఎవురికి పాడాల?" అందుకని మా లైబ్రరీలో వేరువేరు గొంతులు లేవు. జతలున్నాయి. ఏ జతను తీసుకున్నా ఒక గొంతు ముందు, ఒకటి వెనక. వాటి స్వరాలు కీబోర్డు మెట్లకు సరిగ్గా అతకవు. మెట్టుకు మెట్టుకు మధ్యలో ఎక్కడో నిలబడతాయి. సాఫ్ట్‌వేరు వాటిని మెట్టు మీదికి లాగుతానంటుంది. మా పిల్ల ఆ బటన్ ఆపేసింది, మిగతా వాద్యాలనే వాటికి తగ్గట్టు శ్రుతి మార్చింది. ఆ పని చేయడానికి నాలుగు నెలలు పట్టింది.

ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలన్న ప్రశ్న తర్వాత వచ్చింది. వర్చువల్ ఆర్కెస్ట్రాలో ప్రతి వాద్యానికీ చోటు పెట్టాలి. ఎడమ, కుడి, ముందు, వెనక. వెనక ఉన్నవాళ్లకు హాలు ప్రతిధ్వని ఎక్కువ, గొంతు పలచన. 2014 రికార్డింగు మళ్లీ వింటే అక్కడ ఆ అమరిక ముందే ఉంది. రికార్డరు ఇంటివాళ్లు చూపించిన అరుగు మీద ఉంది. దగ్గర కూర్చున్నవాళ్లు కాపుల, బోయల ఆడవాళ్లు. ఇద్దరు మాదిగ ఆడవాళ్లు వాకిలి అవతల, వేపచెట్టు కింద. వాళ్ల గొంతులు పాటలో దూరంగా, అందంగా, పొద్దుపోయినప్పటి గొంతుల్లాగా వినపడతాయి. పరిశోధన రోజుల్లో విన్న ఒక పెద్దాయన ఆ దూరాన్ని మెచ్చుకున్నాడు, 'డెప్త్' బాగా వచ్చిందని. ఆ డెప్తు కులం కొలిచిన దూరం. కొత్త రికార్డింగులో అందరూ మైకుకు రెండడుగుల దూరంలోనే నిలబడ్డారు. ఆ ఇద్దరిలో ఒకామె మా అమ్మకు జత అయింది, ఎందుకంటే వాళ్లిద్దరికే శ్రుతి కుదిరింది. మిద్దె మెట్లు ఇంటి బయటినుంచి ఉండటం వల్ల మా ఇంట్లో ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదన్న సంగతి కూడా ఇక్కడ రాయాలి. నడవలోంచి రావాల్సి ఉంటే ఈ లైబ్రరీ తయారయ్యేదా అన్నది నాకు నమ్మకంగా తెలియదు.

అవ్వ గొంతు సంగతి మా అమ్మకు వదిలేశాం. అమ్మ హెడ్‌ఫోను పెట్టుకుని ఆ రెండు సెకన్లు విని తీసేసింది. మళ్లీ పెట్టుకుంది. తర్వాత అంది, "ఆయమ్మ అందురూ నిలిపినాక పాడింది ఇది. ముందర ఎవురూ లేకుండా దీన్ని ఒక్కదాన్నే ఎట్ల పెడతారు?"

మా పిల్ల లేచి కూర్చుంది. శాంపిల్ వాద్యాల్లో ఒక ఏర్పాటుంది. మెట్టు నొక్కినప్పుడు మోగే రికార్డింగు కాక, మెట్టు వదిలినప్పుడు మాత్రమే మోగేది ఇంకొకటి పెట్టొచ్చు. వీణ తీగ ఆగేటప్పటి సన్నని చప్పుడు, హాల్లో మిగిలే ప్రతిధ్వని, ఇట్లాంటివాటికి వాడతారు. అవ్వను అక్కడ పెట్టింది. ఇప్పుడు ఆ గొంతును ఎవరూ నొక్కి పలికించలేరు. ఎన్ని మెట్లు నొక్కినా మిగిలిన ఐదుగురే వినపడతారు. వేళ్లు ఎత్తేస్తే, అందరూ నిలిపాక, ఆమె రెండు సెకన్లు ఉండి పోతుంది. అమ్మ, మా మామలు దానికి ఒప్పుకున్నారు. పెద్దమామ అయితే కీబోర్డు ముందు చాలాసేపు కూర్చున్నాడు, నొక్కుతూ, వదులుతూ.

కాగితం రాసుకున్నాం, తెలుగులో. అమ్మితే వచ్చేదాంట్లో సగం ఐదుగురికీ సమానంగా. పేర్లు, లాప్‌టాపులో వాద్యం తెరిచినప్పుడు కనపడే పలక మీదనే ఉండాలి, లోపలెక్కడో కాదు. సారా ప్రకటనలకు వాడకూడదు. చదివి వినిపించాక, ఫ్యాక్షన్‌లో మొగుణ్ని పోగొట్టుకున్న ఒకామె, అప్పటిదాకా ఏమీ మాట్లాడనిది, "ఓట్ల పాటలకు మాత్రం మా గొంతులు పెట్టొద్దు. ఏ పార్టీకీ వద్దు" అంది. అది కూడా రాశాం. లోకంలో ఎవరో కొనుక్కుని ఎక్కడో వాడితే ఎట్లా పట్టుకుంటామని మా పిల్ల అడిగింది. పట్టుకోలేం. అయినా రాశాం.

పేరు మాత్రం తెగలేదు. 'రాప్తాడు ఆడవాళ్లు' అని పెడదామంటే ఐదుగురిలో నలుగురు ఒప్పుకోలేదు. ఒకామె పుట్టిల్లు కనగానపల్లి, ఒకామెది కూడేరు, ఇంకొకామెది ఆత్మకూరు, మా అమ్మది ధర్మవరం పక్కన ఒక పల్లె. మా అవ్వ కూడా కొడుకు ఇల్లు కట్టుకున్నాక ముసలితనంలో ఇక్కడికి వచ్చిందే. "మొగోళ్లది గదా రాప్తాడు, మేము పెండ్లయి వచ్చినోళ్లం" అని వాళ్ల వాదన. వాళ్ల అచ్చులు కూడా ఆ మాటే చెప్తున్నాయి, కూడేరు 'ఏ' ఒక తీరు, ధర్మవరం వైపు 'ఏ' ఇంకో తీరు. ఐదు ఊళ్ల పేర్లూ పెడితే పలక మీద పట్టడం లేదు. ప్రస్తుతానికి ఆ ఫోల్డరు పేరు 'పేరు పెట్టాల - 3'.